వంటింటి గట్టు వెనక గోడకు టైల్స్: ఎంచుకోవడం నుంచి గ్రౌటింగ్ దాకా

వంటిల్లు కొత్తగా చేయించుకునేటప్పుడు అందరి దృష్టీ క్యాబినెట్ల రంగు మీదే ఉంటుంది. గట్టు వెనక టైల్స్ అనేసరికి షోరూంలో ఓ గంట తిరిగి ఏదో ఒకటి ఖాయం చేసి, మిగతాది మేస్త్రీకి వదిలేస్తారు. కానీ పోపు చిటపటలు, కుక్కర్ ఆవిరి, మిక్సీ మూత ఊడి చిమ్మిన చట్నీ, సింక్ తుంపర్లు, రోజూ ఇవన్నీ పడేది ఆ రెండడుగుల గోడ మీదే. ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. టైల్ అంత తేలిగ్గా పాడవదు. పాడయ్యేవి టైల్‌కీ టైల్‌కీ మధ్య ఉన్న జాయింటు (దాన్ని నింపే పదార్థం గ్రౌట్, ఆ పని గ్రౌటింగ్), టైల్ వెనకున్న గోడ. అందుకే ఇందులో డిజైన్ల కంటే ఆ రెండింటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

ఉదాహరణకు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పదేళ్లు దాటిన ఫ్లాట్ ఒకటి అనుకుందాం. ఎల్ ఆకారంలో గ్రానైట్ గట్టు, ఒక వైపు పది అడుగులు, ఇంకో వైపు ఆరు. పొయ్యి పైన చిమ్నీ కొత్తగా పెట్టాలి, పైన క్యాబినెట్లు మార్చాలి. అంకెలన్నీ ఈ వంటింటివే, మీ కొలతలు పెట్టి మార్చుకోండి.

ముందు కొలతలు

గట్టు మీద నుంచి పై క్యాబినెట్ అడుగు దాకా సాధారణంగా రెండడుగులు ఉంటుంది. పదహారు అడుగుల పొడవుకి 32 చదరపు అడుగులు. చిమ్నీ ఉన్నచోట క్యాబినెట్ రాదు కాబట్టి అక్కడ టైల్స్ ఇంకా పైకి వెళ్లాలి. రెండున్నర అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు వేసుకుంటే ఇంకో 6. మొత్తం 38. కోతల్లో పోయేదానికి పది శాతం కలిపితే 42 చదరపు అడుగులు కొనాలి. 300×450 మి.మీ. టైల్స్ పెట్టెలో ఆరు వస్తే ఒక పెట్టె 8.7 చదరపు అడుగులు, అంటే ఐదు పెట్టెలు. పెట్టెలో ఎన్ని ఉంటాయో కంపెనీని బట్టి మారుతుంది, పైన రాసి ఉంటుంది, చూసుకోండి.

కిటికీ ఉంటే దాని కొలత తీసేయకండి. కిటికీ చుట్టూ కోతలెక్కువ, వేస్టేజీ అక్కడే పోతుంది.

ఏ టైల్ తీసుకోవాలి

మన షాపుల్లో దొరికేవి చాలావరకు గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చేవే. గోడకు రెండు రకాలు పనికొస్తాయి. ఒకటి సెరామిక్ వాల్ టైల్. వెనక వైపు ఎర్రగానో తెల్లగానో ఉండి నీళ్లు బాగా పీలుస్తుంది, బరువులో పది శాతం పైనే. ముందున్న గాజులాంటి పూత, అంటే గ్లేజు, నీళ్లను రానివ్వదు కాబట్టి వంటింటికి ఇబ్బందేమీ లేదు. తేలిక, కోయడం సులువు, ఖర్చూ తక్కువ. రెండోది విట్రిఫైడ్. నీళ్లు పీల్చడం అర శాతం కంటే తక్కువ. గట్టిది, బరువైనది. ఉత్త సిమెంటు పేస్టు దీనికి సరిగ్గా పట్టదు, అడ్హెసివ్, అంటే టైల్స్ అంటించడానికి బస్తాల్లో వచ్చే జిగురు పొడి, తప్పనిసరి.

ఇక సైజు. షోరూంలో ఎవరూ చెప్పని లెక్క ఒకటుంది. 3×6 అంగుళాల సబ్‌వే టైల్ వేస్తే చదరపు అడుగుకి ఆరు అడుగుల జాయింటు వస్తుంది. అదే 300×600 మి.మీ. టైల్‌కి అడుగున్నరే. మన 38 చదరపు అడుగుల గోడ మీద సబ్‌వే అయితే దాదాపు 228 అడుగుల జాయింటు, 300×600 అయితే 57 అడుగులు. 600×1200 పలకలైతే ముప్పై అడుగుల లోపే. 1904లో న్యూయార్క్ భూగర్భ రైలు స్టేషన్ల గోడలకు వేసిన ఆ చిన్న తెల్ల టైల్స్ చూడ్డానికి అందంగా ఉంటాయి, కాదనను. కానీ రోజుకు రెండు పూటలా పోపు వేసే ఇంట్లో పొయ్యి వెనక వాటిని పెట్టించుకునేవాళ్లు 228 అడుగుల గీతల్ని ఎవరు తుడుస్తారో ముందే ఆలోచించుకోవాలి. అంత ఇష్టమైతే సింక్ వైపు పెట్టుకుని, పొయ్యి వెనక మాత్రం పెద్ద టైల్ వేయించండి.

నా ఓటు 300×600 టైల్‌ని నిలువుగా పెట్టడానికే. గట్టు నుంచి క్యాబినెట్ దాకా ఒకే టైల్ వస్తుంది, మధ్యలో అడ్డగీత ఉండదు. నూనె జారి నిలిచేది అడ్డగీత దగ్గరే. అయితే ఇక్కడో చిన్న చిక్కుంది. రెండడుగులంటే 610 మి.మీ. టైల్ 600 మి.మీ. మాత్రమే. కింద 3 మి.మీ. ఖాళీ వదిలినా పైన 7 మి.మీ. గోడ బయటపడుతుంది. అందుకే మాడ్యులర్ కిచెన్ వాళ్లకి క్యాబినెట్ అడుగు గట్టు నుంచి 590 మి.మీ. దగ్గర రావాలని ముందే చెప్పి డ్రాయింగులో రాయించండి. టైల్ పై అంచు ఓ సెంటీమీటరు పైనే క్యాబినెట్ వెనక్కి పోతుంది. ఈ ఒక్క మాట ముందు చెప్పకపోతే తర్వాత పట్టీలు అంటించి కప్పిపుచ్చాల్సి వస్తుంది.

600×1200 పలకలు ఇంకా బాగుంటాయి, పొయ్యి వెనక ఒక్క జాయింటు కూడా లేకుండా చేసుకోవచ్చు. కానీ ఒక్కోటి 15 కిలోల దాకా ఉంటుంది, స్విచ్ బోర్డు కోసం మధ్యలో రంధ్రం కోసేటప్పుడు పగిలితే ఒక పలక మొత్తం పోయినట్టే. పెద్ద పలకలు పెట్టిన అనుభవం ఉన్న మేస్త్రీ దొరికితేనే వాటి జోలికి వెళ్లండి.

ఫినిషింగ్ విషయానికొస్తే, మెరిసే గ్లాసీ టైల్ మీద నూనె మరక కనిపిస్తుంది గానీ ఒక్క తుడుపుతో పోతుంది. మెరుపు లేని మ్యాట్ మీద వెంటనే కనిపించదు, కానీ పట్టేస్తుంది. నున్నటి మ్యాట్ ఫర్వాలేదు. గరుకు రస్టిక్, ఎగుడుదిగుడు త్రీడీ టైల్స్ పొయ్యి వెనక వద్దు. పాలరాయి అసలే వద్దు. చింతపండు పులుసు, నిమ్మరసం పడితే ఆ పులుపుకి రాయి తిని మెరుపు పోతుంది, మళ్లీ పాలిష్ పట్టిస్తే తప్ప రాదు. పళ్ల బుట్టలు, కాఫీ కప్పుల బొమ్మలున్న హైలైటర్లు మీ ఇష్టం. నన్నడిగితే వాటి మీద మోజు తీరినంత తొందరగా ఆ టైల్స్ పీకడం కుదరదు.

కొనే ముందు రెండు పరీక్షలు. ఒక శాంపిల్ ఇంటికి తెచ్చి మీ వంటింటి లైటు కింద గోడకి ఆనించి చూడండి, షోరూం వెలుతురుకీ ఇంటి ట్యూబ్‌లైటుకీ చాలా తేడా ఉంటుంది. దాని మీద పసుపు కలిపిన నూనె రాసి రాత్రంతా ఉంచి, పొద్దున గిన్నెల సబ్బుతో కడిగి చూడండి. సరుకు వచ్చాక అన్ని పెట్టెల మీదా బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఒకటేనా అని చూడాలి. రెండు టైల్స్ ముఖాముఖి పెడితే మధ్యలో వంపు తెలుస్తుంది. పొడవాటి టైల్స్‌కి కొంచెం వంపు మామూలే, అందుకే వాటిని ఇటుకల వరసలా సగానికి సగం జరిపి పెట్టకూడదు. జరపాలనుకుంటే మూడో వంతు దాటనివ్వకండి.

పనుల వరస

పాతవి పీకడం, ప్లంబింగ్, కరెంటు పైపులు, గోడ సరిచేయడం, గట్టు గ్రానైట్, ఆ తర్వాత టైల్స్, గ్రౌట్, చివర్న క్యాబినెట్లు, చిమ్నీ. ఈ వరస తప్పితే ఎవరి పని వాళ్లు రెండోసారి చేయాల్సి వస్తుంది. టైల్స్ మొదలయ్యేలోపు ఇవి తేలిపోవాలి: చిమ్నీ గొట్టం బయటికి పోయే రంధ్రం ఎక్కడ, వాటర్ ప్యూరిఫయర్‌కి నీళ్ల పాయింటు ఎక్కడ, మిక్సీ, ఓవెన్, ఇండక్షన్ పొయ్యి కోసం 16 ఆంపియర్ సాకెట్లు ఎన్ని. సాకెట్లు పొయ్యికి నేరుగా వెనక, సింక్ పక్కనే రాకుండా చూసుకోండి.

సాకెట్ల ఇనప పెట్టెలు గోడకి సమంగా బిగిస్తే పొరపాటే. టైల్, అడ్హెసివ్ కలిసి 12 నుంచి 15 మి.మీ. మందం పెరుగుతుంది. పెట్టె అంత ముందుకి రావాలి, లేకపోతే పొడవాటి స్క్రూలు వెతుక్కోవాలి.

పైపులు, వైర్లు గోడలో పెట్టాక, మూసేలోపు, టేపు గోడకి ఆనించి పట్టుకుని ప్రతి గోడనీ ఫొటో తీయండి. తర్వాత ప్యూరిఫయర్ తగిలించేటప్పుడు డ్రిల్లు ఎక్కడ దించాలో, ఎక్కడ దించకూడదో ఆ ఫొటోయే చెబుతుంది.

గోడ సంగతి

పాత టైల్స్ మీదే కొత్తవి వేద్దామని చాలామంది అడుగుతారు. వేయొచ్చు, షరతులున్నాయి. రూపాయి బిళ్లతో ప్రతి టైల్‌నీ తట్టి చూడండి. గట్టిగా పలికితే సరే. డొల్లగా పలికేవి అక్కడక్కడా ఉంటే వాటిని తీసి పూడ్చాలి. చాలా చోట్ల డొల్లగా ఉంటే అన్నీ పీకించడమే మేలు. పాతవాటి మీద వేసేటప్పుడు ఏళ్లనాటి నూనె జిడ్డు వేడినీళ్లతో, సబ్బుతో పూర్తిగా పోవాలి, గ్లేజు మెరుపు పోయేదాకా గ్రైండర్‌తో గీకాలి, టైల్ మీద టైల్‌కి తగిన అడ్హెసివ్ వాడాలి. గట్టు లోతు కూడా ఆ మేరకు తగ్గుతుంది, పొయ్యి సరిపోతుందో లేదో చూసుకోండి.

పీకేటప్పుడు ముందు వంటింటికి కరెంటు ఇచ్చే మెయిన్ బోర్డు స్విచ్ (ఎంసీబీ) ఆపేయండి. గ్యాస్ కట్టేసి సిలిండర్ బయట పెట్టేయండి. సింక్ గొట్టంలో గుడ్డ కుక్కండి, లేకపోతే పెచ్చులు పడి మూసుకుపోతుంది. పనివాళ్లకి మాస్కులు మీరే కొనివ్వండి. టైల్, సిమెంటు కోసినప్పుడు లేచే సన్నటి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము చాలావరకు తగ్గుతుంది. ఇది వాళ్ల రోజువారీ పని, వాళ్లు పట్టించుకోకపోయినా మనం అడగాలి.

పీకాక కనిపించే గోడ మీద పెయింటు, పుట్టీ ఏ కొంచెం మిగిలినా గీకేయాలి. అడ్హెసివ్ పుట్టీని పట్టుకుంటుంది, పుట్టీ గోడని వదిలేస్తుంది, టైల్ పుట్టీతో సహా ఊడి వస్తుంది. చిమ్నీ కోసం టైల్స్ పైకి పెంచే చోట పాత పెయింటు తప్పకుండా ఉంటుంది, అక్కడ ప్రత్యేకంగా చూడండి. పెచ్చులూడిన చోట కొత్త ప్లాస్టరింగ్ చేసి వారం రోజులు నీళ్లు పట్టి, బాగా ఆరనివ్వాలి.

తర్వాత ఆరడుగుల అల్యూమినియం పట్టీ గోడకి అడ్డంగా, నిలువుగా, ఐమూలగా ఆనించి చూడండి. పట్టీ కింద మూడు మి.మీ. కంటే ఎక్కువ సందు కనిపిస్తే ప్లాస్టరుతోనే సరిచేయించండి. "పేస్టు ఎక్కువ పెట్టి కవర్ చేసేస్తాను సార్" అంటారు, ఒప్పుకోకండి. ఈ రోజుల్లో క్యాబినెట్ల కింద ఎల్‌ఈడీ పట్టీ లైట్లు పెట్టిస్తున్నారు కదా. ఆ వెలుతురు గోడ మీద ఏటవాలుగా పడి, ఒక టైల్ పక్కదాని కంటే ఒక్క మి.మీ. పైకి ఉన్నా నీడ పట్టి చూపిస్తుంది.

సింక్ వెనక గోడకి, గట్టు గోడని కలిసే మూలకి సిమెంటు కలిపే వాటర్‌ప్రూఫింగ్ పూత రెండు కోట్లు వేయించండి. చెమ్మ పుట్టేది అక్కడే.

గీతలు గీయడం

మొదటి టైల్ పెట్టేలోపు ఒక గంట దీనికి కేటాయించాలి. రసమట్టంతో గానీ నీళ్ల పైపుతో గానీ గోడ పొడవునా ఒక అడ్డగీత కొట్టించండి. గట్టు మట్టంగా ఉందనుకోకూడదు, సింక్ వైపు వాలు ఇచ్చి ఉంటారు. గట్టు ఎక్కడ పల్లంగా ఉందో అక్కడి నుంచి 3 మి.మీ. వదిలి గీత తీసుకోవాలి. గట్టు ఎత్తుగా ఉన్నచోట టైల్ అడుగు అంచుని ఆ వాలు ప్రకారం కోసి సరిచేయాలి తప్ప టైల్స్‌ని వాల్చకూడదు.

నిలువు గీతలకి మొదలు పొయ్యి. పొయ్యి మధ్య భాగం వెనక జాయింటు రాకుండా టైల్ మధ్య వచ్చేలా చూసి, అక్కడి నుంచి రెండు వైపులా లెక్కపెట్టుకుంటూ వెళ్లండి. మూల దగ్గర రెండు వేళ్ల వెడల్పు ముక్క మిగులుతోందంటే ఆ ముక్క పెద్దదయ్యేలా, జాయింటు పొయ్యి మధ్యకి రాకుండా, మొదలుపెట్టే చోటుని కొంచెం జరపండి. మూడో వంతు కంటే సన్నటి ముక్క కంటికి ఎదురుగా ఉండకూడదు. టైల్స్‌ని నేల మీద స్పేసర్లతో (జాయింటు సందు సమానంగా ఉంచే చిన్న ప్లాస్టిక్ ముక్కలు) పేర్చి చూసుకుంటే ఇదంతా మేస్త్రీకీ మీకూ ఒకేసారి అర్థమవుతుంది. సాకెట్ ఒక టైల్ మధ్యలో పడుతుందా, జాయింటు మీద పడుతుందా కూడా అప్పుడే తెలుస్తుంది. బయటికి కనిపించే అంచులకి, కిటికీ పక్కలకి 45 డిగ్రీలు కోసి కలపడమా, అల్యూమినియం అంచు పట్టీ పెట్టడమా అన్నది కూడా అప్పుడే తేల్చండి.

టైల్ అంటించడం

మేస్త్రీలు అలవాటుగా చేసేది ఇది: సెరామిక్ టైల్స్‌ని తొట్టిలో నానబెట్టి, వెనక నాలుగు మూలలా, మధ్యలో సిమెంటు పేస్టు ముద్దలు పెట్టి, గోడకి అదిమి తాపీ పిడితో తడతారు. ముద్దల మధ్య అంతా డొల్ల. ఆ డొల్లలో చెమ్మ చేరుతుంది, బొద్దింకలు దూరతాయి, తర్వాత మేకు కొడితే టైల్ పగులుతుంది. "ఇరవై ఏళ్లుగా ఇలాగే పెడుతున్నానండీ" అన్నా సరే, "మేస్త్రీ గారూ, ఈ గోడకి మాత్రం అడ్హెసివ్‌తో, పళ్ల తాపీతో పెట్టండి" అని కూలి మాట్లాడుకునే రోజే చెప్పేయండి. పని మొదలయ్యాక చెబితే రేటు దగ్గర పేచీ వస్తుంది.

అడ్హెసివ్ బస్తా మీద దాని భారతీయ ప్రమాణం నంబరు ఐఎస్ 15477 అని, పక్కన టైప్ నంబరు ఉంటుంది. సెరామిక్‌కి టైప్ 1 చాలు, విట్రిఫైడ్‌కి టైప్ 2 గానీ ఆ పైది గానీ, పాత టైల్ మీద అయితే టైప్ 3. మన గోడకి 20 కిలోల బస్తాలు రెండు తెచ్చిపెట్టుకోండి.

1. బకెట్‌లో ముందు నీళ్లు పోసి, తర్వాత పొడి వేసి కలపాలి. నీళ్లెన్నో బస్తా మీద ఉంటుంది, కొలిచి పోయండి. ఐదు పది నిమిషాలు వదిలేసి మళ్లీ కలపాలి. గట్టిపడుతోందని మధ్యలో నీళ్లు పోయకూడదు.

2. అడ్హెసివ్‌తో పెట్టేటప్పుడు టైల్స్ నానబెట్టకూడదు. వెనకున్న దుమ్ము తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఎండాకాలంలో గోడ మీద మాత్రం కొంచెం నీళ్లు చిలకరించాలి, నీళ్లు కారుతూ ఉండకూడదు.

3. తాపీ చదును వైపుతో పల్చగా పూసి, పళ్ల వైపుతో ఒకే దిశలో గీతలు లాగాలి. రెండు మూడు టైల్స్‌కి సరిపడా మాత్రమే పూయాలి. వేలితో ముట్టుకుంటే అంటుకోవాలి. అంటుకోకపోతే పైన పొర కట్టినట్టు, గీకేసి మళ్లీ పూయాల్సిందే. విజయవాడ మే నెల ఎండల్లో ఈ పొర చాలా తొందరగా కడుతుంది, వంటింట్లో ఫ్యాను ఆపి పని చేయించండి.

4. పెద్ద టైల్ అయితే దాని వెనక కూడా పల్చగా పూయాలి. గోడకి ఆనించి, గీతలకి అడ్డంగా కొంచెం అటూ ఇటూ కదుపుతూ అదమాలి. అప్పుడు గీతలు చదునై లోపలి గాలి బయటికి పోతుంది.

5. మొదటి రెండు మూడు టైల్స్‌లో ఒకటి వెంటనే పీకి వెనక్కి తిప్పి చూడండి. కనీసం 80 శాతం మేర అడ్హెసివ్ అంటి ఉండాలి, సింక్ దగ్గర ఇంచుమించు అంతా. అక్కడక్కడా గీతలు గీతలుగా ఉంటే తాపీ పళ్లు చిన్నవి, లేదా అదమడం చాలలేదు. మేస్త్రీకి మాటలతో చెప్పడం కంటే ఈ టైల్ వెనక భాగం చూపించడం మేలు.

6. రెండు లేదా మూడు మి.మీ. స్పేసర్లు ప్రతి జాయింటులోనూ ఉండాలి. జాయింట్లలోకి పొంగిన అడ్హెసివ్ తడిగా ఉన్నప్పుడే పుల్లతో తీసేయాలి, గ్రౌట్‌కి చోటు కావాలి కదా.

"గ్యాప్ లేకుండా పెట్టండి, అందంగా ఉంటుంది" అని అడిగేవాళ్లు చాలామంది. అది మంచి కోరిక కాదు. ఒకే పెట్టెలో టైల్స్ కూడా వెంట్రుకవాసి తేడాతో ఉంటాయి, మూడో టైల్‌కే గీత తప్పుతుంది. పైగా పొయ్యి వేడికి టైల్స్ సాగడానికి కాస్త చోటు కావాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ సన్నటి సందులోకి గ్రౌట్ దిగదు, నూనె మాత్రం దిగుతుంది.

జాయింట్లు నింపడం

టైల్స్ పెట్టాక ఒక రోజు ముట్టుకోకండి. ఆ తర్వాత వచ్చేదే అసలు ఘట్టం. మామూలుగా ఇక్కడ వైట్ సిమెంటు పూసి తుడిచేస్తారు. కొన్నాళ్లకే పొయ్యి వెనక అది పసుపచ్చగా, తర్వాత గోధుమ రంగుకి తిరుగుతుంది, సింక్ దగ్గర పొడి పొడిగా రాలుతుంది. సిమెంటు గ్రౌట్ దానికంటే నయం, కానీ అదీ పీల్చేదే. గోడ మొత్తానికి రెసిన్‌తో తయారయ్యే, నీళ్లు పీల్చని ఎపాక్సీ గ్రౌట్ వేయించుకోండి. ఖర్చు ఎక్కువే. కానీ పెద్ద టైల్ ఎంచుకుంటే జాయింటు 57 అడుగులే కాబట్టి భరించగలిగేంతలోనే ఉంటుంది. పసుపు మరక దాని పైన కనిపించవచ్చు గానీ లోపలికి దిగదు, సబ్బుతో కడిగితే పోతుంది.

ఎపాక్సీ ఏ మేస్త్రీ అయినా చేసే పని కాదు. రెసిన్, హార్డెనర్, ఫిల్లర్ పొడి మూడూ పెట్టెలో ఇచ్చిన కొలత ప్రకారమే కలపాలి. ఎండాకాలం గిన్నెలోనే గట్టిపడిపోతుంది, కొంచెం కొంచెంగా కలుపుకోవాలి. రబ్బరు పట్టీతో జాయింటు నిండా కుక్కి, మిగిలినదాన్ని ఐమూలగా గీకి, వెంటనే తడి స్పాంజితో తుడవాలి. స్పాంజి నీళ్లు తరచూ మార్చాలి. ఆరేదాకా వదిలేస్తే టైల్ మీద మబ్బులా పొర ఉండిపోతుంది, మ్యాట్ టైల్ మీదైతే అది పోవడం చాలా కష్టం. రంగు విషయంలో పొయ్యి ఉన్న గోడకి తెలుపు వద్దు, టైల్ రంగుకి దగ్గరగా ఉన్న బూడిద రంగో, లేత గోధుమ రంగో తీసుకోండి.

గట్టు గోడని కలిసే చోట, రెండు గోడలు కలిసే మూలలో గ్రౌట్ వేయకూడదు. గట్టు బరువుకి, వేడికి అక్కడ కదలిక ఉంటుంది, గ్రౌట్ చీలుతుంది, నీళ్లు కింది క్యాబినెట్లోకి దిగుతాయి. అక్కడ రబ్బరులా సాగే సిలికాన్ వేయాలి. వెనిగర్ వాసన వచ్చే చవక రకం గ్రానైట్ మీద మరక వేయవచ్చు, న్యూట్రల్ క్యూర్ సిలికాన్ అని అడిగి, ఫంగస్ పట్టని రకం తీసుకోండి. రెండు పక్కలా మాస్కింగ్ టేపు అంటించి, సందులో వేసి, సబ్బు నీళ్లలో ముంచిన వేలితో ఒక్క లాగుడు లాగి, ఆరకముందే టేపు తీసేస్తే అంచు గీత గీసినట్టు వస్తుంది.

పని అయ్యాక

చివరి రోజు మెరుపు కోసం యాసిడ్‌తో కడిగిస్తామంటారు. వద్దని గట్టిగా చెప్పండి. సిమెంటు గ్రౌట్‌ని అది తినేస్తుంది, స్టీలు సింక్‌కీ ముప్పే. గోరువెచ్చటి నీళ్లు, గిన్నెల సబ్బు, మెత్తటి గుడ్డ చాలు.

మేస్త్రీకి ఆఖరి డబ్బు ఇచ్చేలోపు మళ్లీ రూపాయి బిళ్ల తీసి అన్ని టైల్స్‌నీ తట్టండి, మూలలు కూడా. రాత్రి గది లైటు ఆపి, సెల్‌ఫోన్ టార్చి గోడకి ఆనించి పక్క నుంచి చూడండి. ఎగుడుదిగుడు ఏదైనా ఉంటే క్యాబినెట్లు రాకముందే సరిచేయించాలి.

ఎపాక్సీ పూర్తిగా గట్టిపడడానికి వారం పడుతుంది. ఆలోగా వంట మొదలుపెట్టక తప్పకపోతే పొయ్యి వెనక అల్యూమినియం ఫాయిల్ అడ్డం పెట్టుకోండి. హుక్కులు, ప్యూరిఫయర్, చిమ్నీ బిగించేటప్పుడు గుర్తు మీద టేపు అంటించి, టైల్ బిట్‌తో, హ్యామర్ మోడ్ ఆపి, నెమ్మదిగా డ్రిల్ చేయాలి. టైల్ దాటి ప్లాస్టరులోకి దిగాకే హ్యామర్ వేయాలి. రంధ్రం టైల్ అంచుకి దగ్గరగా రాకూడదు.

మిగిలిన టైల్స్‌లో నాలుగైనా పారేయకుండా, షేడ్ నంబరున్న అట్టముక్కతో సహా అటక మీద పెట్టండి. ఆ డిజైను మళ్లీ షాపులో దొరకకపోవచ్చు. గ్రౌట్ పేరు, రంగు నంబరు కూడా ఆ అట్ట మీదే రాసిపెట్టండి.